చిలకలో ప్రాణం: పాత పోలరాయిడ్ కెమెరాలను గూర్చి

పాత వస్తువును అద్దాల బీరువాలో పెట్టి, పండుగకొకసారి దుమ్ము దులిపి, దానిని కాపాడుతున్నామని తృప్తి పడే అలవాటు మనలో చాలామందికి ఉంది. రాగి చెంబు విషయంలో ఇది చెల్లుతుంది. ఏభై యేళ్ళ తరువాత తీసి, చింతపండుతో తోమి, నీళ్ళు పోస్తే చెంబు చెంబే. కాని వాడుక ఆగిన నాడే అసువులు బాసే వస్తువులు కొన్ని ఉన్నాయి. మీట నొక్కగానే బొమ్మను బయటికి తోసి, మన కళ్ళ ఎదుటనే దానికి రూపు కట్టించే పోలరాయిడ్ కెమెరా ఆ కోవకు చెందినది. దానిని బీరువాలో పెట్టినవాడు దాచుకొన్నది పెట్టెను మాత్రమే. ఆ కెమెరా బతకాలంటే దాని ఫిలిం బతకాలి, ఫిలిం బతకాలంటే దానిని చేసే విద్య ఒకరికంటె ఎక్కువమంది చేతుల్లో ఉండాలి. నా వాదమంతా ఇంతే. మిగిలినదంతా దానికి సాక్ష్యం.

ముందు పేరు సంగతి తేల్చుకొందాం. తెలుగు పండితుడు ఒక కొత్త వస్తువును గూర్చి రాయబోతే పేరు పెట్టకుండా ఊరుకోలేడని మీకు తెలుసు. "సద్యశ్చిత్రం" అందామనుకొన్నాను. సంధి చక్కగా కుదిరింది గాని నోరు తిరగడం కష్టం. ఆశుకవిత్వం మనకు అలవాటైన మాట గనుక "ఆశుచిత్రం" అంటాను. అవధాని నోట పద్యం వెలువడినట్లే ఇదీ అప్పటికప్పుడు వెలువడుతుంది. ఫిలింను మాత్రం ఫిలిం అనే అంటాను. పటలమనీ పొర అనీ రాసి మిమ్మల్ని బాధించను.

ఈ ఆశుచిత్రానికి ఆద్యుడు ఎడ్విన్ లాండ్. అమెరికా దేశీయుడు, 1909లో పుట్టినవాడు, 1937లో పోలరాయిడ్ సంస్థను స్థాపించినవాడు. 1943లో కుటుంబంతో సాంటా ఫే నగరానికి విహారానికి వెళ్ళినప్పుడు మూడేళ్ళ కూతురు, తనకు తీసిన ఫోటోను అప్పుడే ఎందుకు చూడకూడదని అడిగిందట. పిల్లల ప్రశ్నలను మనం సాధారణంగా బిస్కట్టు ఇచ్చి మరిపిస్తాము. ఆయన మాత్రం ఆ ప్రశ్నను పట్టుకొని ఊరంతా నడిచి, చాలామేరకు సమాధానాన్ని ఆ పూటే మనస్సులో కట్టుకొన్నాడని చెప్పుకొంటారు. 1947 ఫిబ్రవరి 21న న్యూయార్కులో శాస్త్రజ్ఞుల ఎదుట చేసి చూపించాడు. 1948 నవంబరు 26న బోస్టన్ నగరంలో ఒక పెద్ద అంగడిలో మొదటి కెమెరా అమ్మకానికి వచ్చింది. తెచ్చినవన్నీ ఆ ఒక్క రోజే చెల్లిపోయాయి.

ఆ తొలినాటి కెమెరాలలో బొమ్మను నెగెటివ్ నుండి చేతితో ఒలిచి తీయవలసి ఉండేది. మనం నేడు పోలరాయిడ్ అనగానే తలచుకొనే రూపం, అంటే తెల్లని అంచుతో చతురస్రంగా తనంత తానే బయటికి వచ్చే బొమ్మ, 1972లో ఎస్‌ఎక్స్-70 అనే కెమెరాతో వచ్చింది. ఆ తెల్లని అంచు కింది వైపున వెడల్పుగా ఉండడం అలంకారం కాదు. రసాయనాల సంచి ఉండేది అక్కడ. బొమ్మ బయటికి వచ్చేటప్పుడు రెండు ఉక్కు రోలర్ల నడుమ నలిగి ఆ సంచి పగులుతుంది. అందులోని ముద్ద పొరల మధ్య ఒకే మందంలో పరచుకొంటుంది. పట్టపగటి వెలుతురులోకి వచ్చిన ఫిలిం ఎందుకు పాడైపోదని మీకు సందేహం రావాలి. ఆ ముద్దలోనే వెలుతురును అడ్డే రంగు ఒకటి కలిపి ఉంటుంది. క్షారగుణం ఉన్నంతసేపు అది తెర వలె నిలిచి, లోపల పని పూర్తయి క్షారం తగ్గినకొద్దీ తెల్లబడి తప్పుకొంటుంది. నాటకంలో యవనిక వంటిదన్నమాట. చీకటి గది, తొట్టెలు, ఎర్ర దీపం, ఇన్నిటినీ వెంట్రుకవాసి మందంలో ఇమిడ్చిన ఆ పనితనాన్ని తలచుకొన్నప్పుడల్లా నాకు ఆశ్చర్యమే. (బొమ్మను గాలిలో ఊపడం అనవసరం. ఒలిచి తీసే పాత రకం బొమ్మలను ఆరబెట్టేందుకు ఊపేవారు. ఆ అలవాటు దీనికీ అంటుకొన్నది.)

ఇక అసలు సంగతికి వస్తాను. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఫకీరులో ఉండదు. ఏడు సముద్రాల అవతల ఎక్కడో చిలకలో ఉంటుంది. పోలరాయిడ్ కెమెరా ప్రాణం కూడా కెమెరాలో లేదు. ఎస్‌ఎక్స్-70లోగాని, 1981లో వచ్చిన 600 వరుస కెమెరాలలోగాని, విద్యుత్తునిచ్చే బ్యాటరీ సైతం ఫిలిం ప్యాకు అడుగుననే పలుచగా అమర్చి ఉంటుంది. ప్యాకు లేనినాడు కెమెరా కన్ను తెరువదు, రెప్ప వేయదు.

మా మేనమామ 1985లో డెట్రాయిట్ నుండి వచ్చినప్పుడు ఇటువంటి 600 కెమెరా ఒకటి తెచ్చి మా అమ్మకు ఇచ్చి వెళ్ళాడు. దానితో రెండు ప్యాకులు, అంటే ఇరవై బొమ్మలు. మా ఊళ్ళోనే కాదు, జిల్లా కేంద్రంలో కూడా ఆ ఫిలిం దొరికేది కాదు. మూడు వారాలలో ఇరవై బొమ్మలూ అయిపోయాయి. అక్కలు, పిన్నులు, పక్కింటివారు ఎవరి బొమ్మ వారు పట్టుకొని పోయారు. కెమెరా అటక ఎక్కింది. అంటే, పోలరాయిడ్ సంస్థ మంచి దశలో ఉన్న కాలంలోనే, మా ఇంటి మట్టుకు ఆ కెమెరాకు నూరేళ్ళూ నిండాయి. ఇరవై బొమ్మలలో మాకు మిగిలినది ఒక్కటి: అమ్మమ్మ అరుగు మీద కూర్చుని, తన రూపం తేలడం చూడడానికి తానే మెడ వంచిన క్షణంలో తీసిన రెండో బొమ్మ. దానికి నెగెటివ్ లేదు. మరొక ప్రతి ఎక్కడా లేదు. రంగులు కొంత పాలిపోయాయి గాని అమ్మమ్మ చెవుల కమ్మలు ఇంకా మెరుస్తున్నాయి. ఈ కెమెరా బతకాలని నేను కోరడానికి ఈ ఏకైకత ఒక కారణం. చేతి ఫోనులో నూరు బొమ్మలు తీసి తొంబైతొమ్మిది చూడకుండా వదిలేసే ఈ రోజుల్లో, ఒక్కటే ఉండే బొమ్మకు ఉన్న గౌరవం వేరు.

ఎన్నో యేళ్ళ తరువాత మా అబ్బాయి కొత్త 600 ప్యాకు తెచ్చి ఆ అటక కెమెరాలో పెట్టి తలుపు మూశాడు. గిర్రుమంటూ పైనున్న నల్ల అట్ట బయటికి వచ్చింది. అన్ని యేళ్ళు పడుకొన్న యంత్రం అలా లేచి కూర్చోవడం చూచి ఇంటిల్లిపాదీ నవ్వాము. కెమెరాకు వయస్సు వచ్చినా బ్యాటరీకి రాలేదు. అది ప్యాకుతో పాటు కొత్తగా వచ్చింది కదా. ఫిలిం దొరకాలేగాని ఈ యంత్రాలు మన తరువాతి తరానికి కూడా పనికివస్తాయి.

మరి ఫిలిం సంగతి? ఇక్కడ ఒకసారి కాదు, పలుమార్లు అన్యాయం జరిగింది.

కొడాక్ సంస్థ 1976లో తానూ ఆశుచిత్రాల కెమెరాలు అమ్మడం మొదలుపెట్టింది. పోలరాయిడ్ వెంటనే పేటెంటు వ్యాజ్యం వేసింది. 1985లో తీర్పు పోలరాయిడ్ పక్షాన వచ్చి, 1986 జనవరిలో కొడాక్ ఆ వ్యాపారం నుండి తప్పుకొన్నది. నష్టపరిహారం క్రింద 1991లో 92 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించుకొన్నది. న్యాయస్థానంలో ఎవరు గెలిచారన్నది నాకు ముఖ్యం కాదు. కోటిన్నరకు పైగా కెమెరాలు జనం ఇళ్ళలో ఉండగా వాటికి ఫిలిం లేకుండా పోయింది. కెమెరా కొన్నవాడు ఏ పేటెంటునూ దొంగిలించలేదు గదా! తరువాత కొడాక్ వారు పరిహారం ఇచ్చారు. అందుకు సాక్ష్యంగా కెమెరా ముందున్న పేరు పలకను ఊడదీసి పంపమన్నారు. నేటికీ పాత సామానుల అంగళ్ళలో పేరు పలక లేని కొడాక్ కెమెరాలు కనిపిస్తూ ఉంటాయి. తాళి తీసిన మెడలా ఉంటుంది ఆ బోసి ముఖం.

పోలరాయిడ్ తన సొంత బిడ్డలపట్ల మాత్రం ఏమంత దయ చూపింది? 1948 నాటి కెమెరాలకు కావలసిన చుట్ట ఫిలిం 1992లో ఆగిపోయింది. ఆ కెమెరాలలో 110-ఏ, 110-బి అనేవి మంచి కటకాలు గలవి. వాటిని వదులుకోలేని అభిమానులు వెనుక భాగాన్ని కోసి, ప్యాకు ఫిలిం పట్టేటట్లు మార్చుకొన్నారు. ఒలిచి తీసే ఆ ప్యాకు ఫిలిం 1963 నుండి ఉన్నది. వీసా ఫోటోలు తీసే స్టూడియోల నాలుగు కటకాల కెమెరాలలో వాడినది అదే. పోలరాయిడ్ మానివేసినా జపాను వారి ఫూజీఫిల్మ్ కొన్నాళ్ళు దానిని నిలబెట్టింది. ఆ నలుపు-తెలుపు రకాన్ని ఆపుతున్నట్లు 2013లోనూ, రంగుల రకాన్ని ఆపుతున్నట్లు 2016లోనూ ప్రకటించింది. కోసి అతికించి రెండో జన్మ ఎత్తించిన కెమెరాలు మళ్ళీ అనాథలయ్యాయి. ఒక యంత్రానికి రెండుమార్లు కర్మకాండ జరగడం నేనెక్కడా వినలేదు.

ఇక పోలరాయిడ్ కథ. 2001లో దివాలా తీసింది. చేతులు మారిన సంస్థ 2008 ఫిబ్రవరిలో, ఇకమీదట ఆశుచిత్రాల ఫిలిం చేయబోమని చెప్పేసింది. నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడే పట్టణంలో ఉన్న చివరి కర్మాగారం అదే యేడు మూతపడింది. అప్పుడు ఆస్ట్రియాకు చెందిన ఫ్లోరియన్ కాప్స్, ఆ కర్మాగారంలోనే అధికారిగా ఉండిన ఆంద్రే బోస్‌మన్, మరికొందరు కలిసి యంత్రాలను పాత ఇనుము కాకుండా కొని, భవనం అద్దెకు తీసికొని, అనుభవజ్ఞులైన పాత పనివారిని పదిమందిని కూడగట్టుకొని పని మొదలుపెట్టారు. తమ ప్రయత్నానికి "ఇంపాజిబుల్ ప్రాజెక్ట్" అని పేరు పెట్టుకొన్నారు. అసాధ్యమని తామే ఒప్పుకొని ఆరంభించినవారు లోకంలో అరుదు.

యంత్రాలున్నాయి, మనుషులున్నారు. ఇంక కష్టమేమిటి? నెగెటివ్ పొరలు అంతకుమునుపు అమెరికాలోని న్యూ బెడ్‌ఫర్డ్‌లో తయారై వచ్చేవి, అది మూతపడింది. కావలసిన రసాయనాలలో చాలావాటిని చేసేవారు ఎప్పుడో మానివేశారు. ఎన్‌స్కెడేలో మిగిలినది చాలామేరకు కూర్పు మాత్రమే. కనుక ఫిలింను మళ్ళీ మొదటినుండి కనుగొనవలసి వచ్చింది. 2010లో వారి మొదటి ఫిలిం వచ్చింది, నలుపు-తెలుపులో. బయటికి రాగానే వెలుతురు తగలకుండా చేయి అడ్డం పెట్టవలసి వచ్చేది. నేను చెప్పిన యవనిక వారికి ఇంకా సరిగా పట్టుబడలేదన్నమాట. మరకలు పడేవి, రంగులు తేలేవి. ఏళ్ళ తరబడి దిద్దుకొంటూ వచ్చారు. 2017లో పోలరాయిడ్ ఒరిజినల్స్ అనీ, 2020లో కేవలం పోలరాయిడ్ అనీ పేరు మార్చుకొన్నారు. నేడు 600కు, ఎస్‌ఎక్స్-70కి ఫిలిం దొరుకుతున్నదంటే ఈ మొండివారి చలవే. అయినా ప్యాకులో పూర్వం పది బొమ్మలుండేవి, ఇప్పుడు ఎనిమిదే. పూర్వం ఒకటి రెండు నిమిషాలలో తేలిన రంగుల బొమ్మ ఇప్పుడు పది పదిహేను నిమిషాలు తీసికొంటుంది. వెల ఒక్కో బొమ్మకు రెండు డాలర్ల పైమాటే. స్పెక్ట్రా అనే వెడల్పు రకం కెమెరాలకు వీరు కూడా 2019లో ఫిలిం ఆపివేశారు. ముసలివైన ఆ కెమెరాలలో ఫిలిం ఇరుక్కుపోతున్నదనీ, దానిని తీర్చలేకపోయామనీ చెప్పారు. నిజం చెప్పి ఆపినందుకు వారిని నేను తప్పు పట్టను.

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఒకటుంది. లాండ్ పేర 535 అమెరికా పేటెంట్లున్నాయి. పేటెంటు అంటేనే రహస్యాన్ని బహిరంగంగా రాసి, అందుకు ప్రతిఫలంగా కొంతకాలం హక్కు పొందడం. ఎస్‌ఎక్స్-70 నాటి పేటెంట్ల గడువు ఏనాడో తీరింది, ఎవరైనా చదువుకోవచ్చు. అయినప్పటికీ ఆ కాగితాలు చదివి ఫిలిం చేయగలిగినవారు లేకపోయారు. ఏ పొరను ఎంత వేడిలో ఆరబెట్టాలి, ఏ సరఫరాదారు రసాయనంలో ఏ లోపముంటుంది, రోలరు చప్పుడును బట్టి తేడా ఎలా పసిగట్టాలి, ఇవన్నీ పేటెంటులో ఉండవు. మన పెద్దలు గురుముఖతః నేర్వవలెనన్నది ఇందుకే. ఎన్‌స్కెడేలోని ఆ పదిమంది పనివారు మరో ఉద్యోగాలు చూచుకొని చెదరిపోయి ఉంటే, యంత్రాలుండి కూడా ఏమీ జరిగి ఉండేది కాదు.

తాళపత్ర గ్రంథాలతో పోల్చి చూడండి. తాటాకు కూడా నశించేదే. చెద తింటుంది, తడిస్తే పోతుంది. అయినా బ్రౌను దొర పందొమ్మిదవ శతాబ్దంలో కడపలో పండితులను పెట్టి, ఊరూరి ప్రతులు తెప్పించి, శుద్ధప్రతులు రాయించగలిగాడు. ఎలా సాధ్యమైంది? అక్షరాలు వచ్చిన ప్రతివాడూ ప్రతి రాయగలడు గనుక. తాటాకు ఏ ఒక్కరి కర్మాగారంలోనూ తయారు కాలేదు గనుక. ప్రతి పోయినా విద్య పోలేదు. మన కాలంలో దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. యూనికోడు వాడుకలోకి రాకముందు ఒక్కొక్కరు ఒక్కొక్క సొంత ఫాంటులో రాసిన తెలుగు, ఆ ఫాంటు లేని యంత్రంలో పిచ్చి గీతలుగా కనిపించేది. ఫాంటు చేసినవాడు దుకాణం మూస్తే రాసినదంతా అయోమయమే. తోటి బ్లాగరులకు నేను దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. పోలరాయిడ్ కెమెరా కూడా ఒక సొంత ఫాంటు వంటిదే.

అందుచేత నా అభిప్రాయం ఇది. తన ఫిలిం తప్ప మరొకటి పట్టని యంత్రాన్ని లక్షల సంఖ్యలో అమ్మిన సంస్థ, ఆ ఫిలింను ఆపేనాడు ఊరికే "ఇక చాలు" అనడం న్యాయం కాదు. ముడిసరుకుల పట్టీ, కొలతలు, యంత్రాల నకాశాలు, పనివారి అనుభవం రాతలో పెట్టి ఒక గ్రంథాలయానికో, విశ్వవిద్యాలయానికో అప్పగించాలి. యంత్రాలను విరిచే ముందు కొనేవారున్నారేమో అడగాలి. ప్యాకు ఫిలిం ఆగినప్పుడు కాప్స్ జపాను వారిని ఒప్పించడానికి వెళ్ళాడు, ఫలించలేదు. తరువాత 2019 ప్రాంతంలో వియన్నాలో చేతిపనిగా, ప్యాకుకు ఒక్కొక్క బొమ్మ చొప్పున ఆ ఫిలింను తిరిగి చేయించాడు. పట్టుదలకు నమస్కారం, కాని వేలాది కెమెరాల ఆకలి అలా తీరేది కాదు. వ్యాపారికి నష్టం వచ్చే పని చేయమనడం లేదు. తాను తినని అన్నాన్ని పారబోయవద్దు, అడిగినవాడికి పెట్టమంటున్నాను.

దీనికి ఎదురు చెప్పేవారున్నారు. ఆశుచిత్రాలు చావలేదు గదా, ఫూజీ వారి ఇన్‌స్టాక్స్ 1998 నుండి ఉంది, పెళ్ళిళ్ళలో పిల్లలందరి చేతుల్లో అదే గదా అంటారు. నిజమే, అది చక్కగా పనిచేస్తుంది, వెల కూడా తక్కువ. కాని దాని ఫిలిం దాని కెమెరాలకే. మా అటక మీది 600కు అది పట్టదు. పక్కింట్లో పొయ్యి వెలిగితే మన ఇంట్లో అన్నం ఉడుకుతుందా? మరొకరు, మరకలూ మసకలూ ఉంటేనే పోలరాయిడుకు అందమంటారు. ఈ మాట నేను ఒప్పుకోను. లాండ్ జీవితమంతా ఆ మరకలు పోగొట్టడానికే శ్రమించాడు. ఆన్సెల్ ఆడమ్స్ వంటి మహా ఛాయాగ్రాహకుడిని సలహాదారుగా పెట్టుకొన్నది ఎందుకు? లోపాన్ని లోపమని చెప్పేవారుంటేనే ఫిలిం మెరుగవుతుంది. గడువు తీరి పదిహేనేళ్ళయిన ప్యాకులను పెద్ద వెలలకు కొని దాచేవారు ఇంకొందరు. అందులోని ముద్ద ఎండిపోతుంది, బ్యాటరీ చచ్చిపోతుంది. ఆ డబ్బు పెట్టి కొత్త ఫిలిం కొంటే చేసేవాడైనా నిలబడతాడు.

కెమెరా ఉన్నవారి కోసం మన ఎండలను దృష్టిలో పెట్టుకొని నాలుగు మాటలు. ఈ ఫిలిం సుమారు 13 నుండి 28 డిగ్రీల మధ్య బాగా పనిచేస్తుంది. మన వైశాఖం దాని జాతకంలో లేదు. ఎండలో తీస్తే బొమ్మంతా పసుపు నీళ్ళు చల్లినట్లు వస్తుంది. ప్యాకులను ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచండి, గడ్డకట్టే అరలో వద్దు. వాడే ముందు ఒక గంట బయట పెట్టండి. తీసిన బొమ్మను నీడలో బోర్లించి వదిలేయండి. చేసిన యేడాదిలోగా వాడివేయడం మేలు, గనుక అమెరికా నుండి వచ్చే పిల్లలచేత గుట్టలుగా తెప్పించకండి. తెచ్చేవారు దానిని విమానంలో సామాను పెట్టెలో పడవేయకుండా చేతి సంచిలో ఉంచుకొని, ఎక్స్‌రే వద్ద చేతితో తనిఖీ చేయమని అడగాలి. ప్రతి ప్యాకు మార్చేటప్పుడు రోలర్లను తడి గుడ్డతో తుడవండి; వాటికి ఎండి అంటుకొన్న ముద్ద వల్లనే బొమ్మ మీద వరుసగా చుక్కలు పడతాయి. ఎస్‌ఎక్స్-70 ఉన్నవారు 600 ప్యాకును అలాగే పెట్టకూడదు. దాని వేగం ఎక్కువ, బొమ్మ తెల్లబోతుంది. నడుమ బూడిద రంగు వడపోత ఉండాలి, లేదా ఎస్‌ఎక్స్-70 ప్యాకునే కొనాలి. అయిపోయిన ప్యాకును వెంటనే పారవేయకండి. దాని బ్యాటరీలో ఇంకా శక్తి ఉంటుంది. సంతలో పాత కెమెరా కొనబోయేటప్పుడు అందులో పెట్టి చూస్తే, యంత్రం కదులుతుందో లేదో ఫిలిం ఖర్చు కాకుండా తెలుస్తుంది.

మీ ఇళ్ళలోనూ ఎనభైలలో అమెరికా నుండి వచ్చిన ఇటువంటి పెట్టె ఒకటి అటక మీద ఉండే ఉంటుంది. దింపి వెనుక వైపు చూడండి. 600 అనిగాని ఎస్‌ఎక్స్-70 అనిగాని ఉంటే దానికి ఇవాళ తిండి దొరుకుతుంది. స్పెక్ట్రా అయితే దొరకదు. ముందు వైపు పేరు పలక ఊడి రెండు జిగురు మచ్చలు మాత్రమే కనిపిస్తే అది ఏ కెమెరానో ఇప్పుడు మీకే తెలుసు.